హాల్లోని పెద్ద మాన్‌స్టెరా: పాత ఆకులు పసుపుబారుతున్నాయి, కొత్త ఆకులకు చీలికలు రావడం లేదు

నిజాంపేట వాసి:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదు నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండున్నరేళ్ళ క్రితం గృహప్రవేశానికి మా ఆడపడుచు ఒక మాన్‌స్టెరా మొక్కను కానుకగా ఇచ్చింది. అప్పుడు నాలుగు ఆకులతో మోకాలెత్తున ఉండేది. ఇప్పుడు కుండీతో కలిపి అయిదున్నర అడుగులు ఉంది; ఇంటికి ఎవరు వచ్చినా ముందు దాని సంగతే అడుగుతారు. అలాంటి మొక్క ఈ జులై నుంచి నా కళ్ళ ముందే చిక్కిపోతోంది.

కింది ఆకులు ఒకదాని తరవాత ఒకటి పసుపుబారి వాలిపోతున్నాయి. నెల రోజుల్లో నాలుగు పోయాయి. అయిదో ఆకు అంచున కాఫీపొడి రంగులో ఒక మచ్చ లేచింది, దాని చుట్టూ పసుపు వలయం కట్టింది, అది రోజురోజుకూ లోపలికి పాకుతోంది. ఇదొక ఎత్తయితే కొత్త ఆకుల సంగతి మరో ఎత్తు. మొదటి ఏడాది వచ్చిన ఆకులు అన్నం పళ్ళెమంత వెడల్పున, అంచు నుంచి నడిమి ఈనె దాకా చక్కటి చీలికలతో వచ్చాయి. గత ఆరేడు నెలల్లో వచ్చిన మూడు ఆకులకు చీలికా లేదు, రంధ్రమూ లేదు. పెద్ద సైజు తమలపాకుల్లా ఉన్నాయి. కాడలు మాత్రం మూరెడేసి సాగి బాల్కనీ వైపు ఒరిగాయి.

మొక్క టీవీ పక్క మూలలో, బాల్కనీ తలుపుకు పది అడుగుల దూరంలో ఉంది. బాల్కనీ తూర్పు ముఖమే కానీ ఎదురుగా మరో అపార్టుమెంటు ఉన్నందువల్ల ఉదయం ఓ గంటసేపే ఎండ పడుతుంది. రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్ళు పోస్తాను. వేసవిలో రెండు పూటలా పోసేదాన్ని. మా అత్తగారు రోజు విడిచి రోజు బియ్యం కడిగిన నీళ్ళు పోస్తారు. మొక్కను నర్సరీవాళ్ళు ఇచ్చిన నల్ల సంచితో సహా తెల్లటి పింగాణీ కుండీలో దించాము. నేల పాడవకుండా ఉంటుందని అడుగున రంధ్రం లేని కుండీనే కావాలని కొన్నాము. ఆదివారాల్లో గుడ్డకు రెండు చుక్కలు కొబ్బరినూనె అద్ది ఆకులు తుడుస్తాను. నీళ్ళు పోసినప్పుడల్లా మట్టిలోంచి సన్నటి నల్ల ఈగలు లేస్తున్నాయి.

ఎరువు చాలక ఇలా అవుతోందా? ఆ మూడు ఆకులు ముదిరాక చీలుతాయా? కాండం నుంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చి వేలాడుతున్నాయి, ఒకటి సోఫా కిందికి కూడా పోయింది. వాటిని కత్తిరించమని బంధువులు అంటున్నారు, కత్తిరించవచ్చా? ఇంట్లో రెండేళ్ళ మనవరాలు తిరుగుతుంటుంది కనుక ఈ మొక్క విషపూరితమా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

పులంక మొక్కలు:

నమస్కారం మేడం గారూ. మాది కడియం దగ్గర కడియపులంక. మా నాన్నగారి కాలం నుంచి మాకు నర్సరీ ఉంది, ఆకు మొక్కలే ఎక్కువ వేస్తాము. మీరు రాసినదంతా చదివాను కానీ నా చూపు మాత్రం రంధ్రం లేని కుండీ దగ్గరే ఆగిపోయింది. ఎరువు ఆలోచన ప్రస్తుతానికి పూర్తిగా పక్కన పెట్టండి. మీ మొక్కది ఆకలి బాధ కాదు, దానికి ఊపిరి ఆడడం లేదు.

వేళ్ళకు నీళ్ళెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ ఎప్పుడూ నీళ్ళతో నిండి ఉంటే వేళ్ళు కుళ్ళుతాయి, కుళ్ళిన వేళ్ళు నీళ్ళు తాగలేవు, అప్పుడు ఆకులు వాడతాయి. ఆకులు వాడాయి కదా అని మనం ఇంకో చెంబు పోస్తాము. మీకు జులైలో మొదలవడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. మే నెల ఎండలకు, పొడిగాలికి మీరు రెండు పూటలా పోసిన నీళ్ళు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి. వానలు పడి, మబ్బులు కమ్మి, గాలిలో తేమ పెరిగాక ఆ చెంబెడు నీళ్ళు ఎటూ పోలేక కుండీ అడుగునే చేరి ఉంటాయి. మచ్చ చుట్టూ పసుపు వలయం ఉన్నదన్నారు. వేరుకుళ్ళు పట్టిన మొక్కల్లో నేను తరచుగా చూసే గుర్తు అది.

రేపటిదాకా ఆగకుండా పింగాణీ కుండీలోంచి సంచిని పైకి తీయండి. కాండం మొదలును ఒక చేత్తో పట్టుకుని, సంచిని బ్లేడుతో నిలువునా చీల్చి, మట్టిగడ్డను బకెట్టు నీళ్ళలో అరగంట నానబెట్టి వేళ్ళను మెల్లగా విడదీయండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, నొక్కితే గట్టిగా తగులుతుంది. కుళ్ళిన వేరు నల్లగా మెత్తబడి ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలుతో పట్టి లాగితే పైతొక్క మేజోడులా ఊడి వచ్చి లోపలి దారం ఒక్కటే మిగులుతుంది. అలాంటివన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మంచి భాగం కనబడేదాకా కత్తిరించండి. జాలిపడి కొంచెం ఉంచితే మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది.

మట్టి గురించి మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మేము సంచుల్లో నింపేది ఎర్రమట్టి, దానిలో కొంత పశువుల ఎరువు. నీడ వలల కింద గాలి ఆడే చోట అది సరిపోతుంది, పైగా లారీలో రెండు రోజులు ప్రయాణం చేసినా గడ్డ విడిపోకుండా వేళ్ళను పట్టి ఉంచుతుంది. ఇంటి లోపలికి వచ్చాక అదే మట్టి ఇటుకలా బిగుసుకుంటుంది. దాన్ని వీలైనంత కడిగేయండి. కొబ్బరి పీచు ముక్కలు రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక పాలు, పెర్లైట్ (తెల్లటి తేలికపాటి రాతి గుళికలు) ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు బొగ్గు ముక్కలు, గుప్పెడు వేపపిండి కలుపుకోండి. కొబ్బరి పొట్టు ఇటుకలో ఉప్పు ఉంటుంది కనుక నానబెట్టి, ఆ నీళ్ళ రంగు తేలికపడేదాకా రెండు మూడు సార్లు పిండి పారబోయడం మరవవద్దు. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. తడి నిలిచే పొర రాళ్ళ మీదికి, అంటే వేళ్ళకు ఇంకా దగ్గరగా జరుగుతుంది, అంతే. రంధ్రాలున్న కుండీ, మిగిలిన వేళ్ళ గుత్తికన్నా రెండు అంగుళాలు మాత్రమే వెడల్పుగా ఉన్నది తీసుకోండి. మొక్క పెద్దదని గంగాళమంత కుండీ తెస్తే వేళ్ళు లేని చోట మట్టి తడిగానే ఉండిపోతుంది.

ఆ తరవాత నీళ్ళకు గడియారం పెట్టుకోకండి. కొబ్బరి చీపురు పుల్లను కుండీలో సగం లోతుకు గుచ్చి తీయండి, ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్టే. పుల్లకు తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా వస్తే అడుగు నుంచి కారేదాకా నిండుగా పోసి, పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. పైమట్టి ఆరడం మొదలైతే ఆ ఈగలు కూడా తగ్గిపోతాయి, వాటి పిల్లలు బతికేది ఆ తడిలోనే.

గుంటూరు వృక్షశాస్త్రం:

పులంక వారు వేళ్ళ సంగతి చెప్పారు కనుక నేను ఆకుల దగ్గరికి వస్తాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, కాబట్టి జవాబు కొంచెం పాఠంలా సాగితే మన్నించాలి.

అమ్మా, ఆ మూడు ఆకులు ఇక చీలవు. మాన్‌స్టెరా ఆకు చుట్ట విప్పుకునే నాటికే దాని చీలికలు, రంధ్రాలు ఏర్పడిపోయి ఉంటాయి. మొగ్గ దశలోనే ఆకులోని కొన్ని చోట్ల కణాలు చనిపోయి ఖాళీలు ఏర్పడతాయి. ఆకు పెరిగేకొద్దీ ఆ ఖాళీలు పెద్దవవుతాయి. అరటాకు గాలికి చినిగినట్టు ఇది తరవాత చినిగేది కాదు. కాబట్టి మీరు కోరుకోవలసింది ఇక రాబోయే ఆకుల గురించే.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న తేమ అడవులు. అక్కడ ఇది చెట్టు బోదెను పట్టుకుని పైకి పాకే తీగ. మన ఇళ్ళలో సీసాలో పెంచే మనీ ప్లాంటు దీనికి చుట్టమే. పాత ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలో ఏ రావిచెట్టుకో వేపచెట్టుకో పాకిన మనీ ప్లాంటును ఎప్పుడైనా గమనించారా? సీసాలో అరచేతికి మించని ఆకు అక్కడ చేటంత అయి, అంచులు చీలి ఉంటుంది. మొక్క అదే, పట్టుకుని ఎక్కడానికి ఆధారమూ తగిన వెలుతురూ దొరకడమే తేడా. మీ మాన్‌స్టెరా ఇప్పుడు సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో నడుస్తోంది. వెలుతురు తగ్గినందువల్ల కాడలు సాగుతున్నాయి, ఆకులు చిన్నతనపు రూపానికి తిరిగిపోతున్నాయి.

ఆకుకు రంధ్రాలెందుకన్న ప్రశ్నకు ఎన్నో ఊహలున్నాయి: గాలివానకు తట్టుకోవడానికని, వాన నీళ్ళు వేళ్ళదాకా దిగడానికని. క్రిస్టఫర్ మ్యూర్ అనే పరిశోధకుడు 2013లో వేరే వివరణ ప్రతిపాదించారు. దట్టమైన అడవి అడుగున వెలుతురు చిన్న చిన్న మచ్చలుగా, అటూ ఇటూ కదులుతూ పడుతుంది. అంతే పదార్థంతో రంధ్రాలున్న ఆకును తయారుచేస్తే అది మరింత విశాలంగా పరుచుకుంటుంది కనుక ఆ మచ్చల్లో ఏదో ఒకటి దాని మీద పడే అవకాశం నిలకడగా ఉంటుందని ఆయన వాదన. నాకు ఇది నచ్చిన వివరణ. మీ హాలు మూలలో పడే వెలుతురు మాత్రం ఆ అడవి అడుగుకన్నా తక్కువే అయి ఉంటుందని నా అనుమానం.

వేలాడే వేళ్ళను కత్తిరించకండి. వాటిని గాలివేళ్ళు అంటాము. తీగను చెట్టుకు పట్టి ఉంచడం, నేలను చేరితే నీళ్ళు, పోషకాలు తీసుకోవడం వాటి పని. అడుగు వేళ్ళు సగం కుళ్ళిపోయిన మొక్కకు ఇప్పుడు అవే దిక్కు. సోఫా కిందికి పోయినదాన్ని మెల్లగా వెనక్కి తిప్పి కొత్త కుండీ మట్టిలోకి దించండి, మిగిలినవాటిని ఆధారపు కర్రకు చేర్చండి. కర్రను పెట్టేటప్పుడు మొక్కకు ముందూ వెనకా ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఆకుల ముఖాలు ఒకవైపు, గాలివేళ్ళు పుట్టే వీపు రెండోవైపు. కర్ర వీపు వైపు ఉండాలి. కట్టవలసింది కాండాన్ని, ఆకుల కాడలను కడితే అవి వెలుతురు వైపు తిరగలేక విరుగుతాయి. బజారులో దొరికే కొబ్బరి తాడు చుట్టిన కర్రలు గంటలో ఆరిపోతాయి కనుక గాలివేళ్ళు వాటిని పట్టవు. ప్లాస్టిక్ వలను గొట్టంలా చుట్టి, లోపల నానబెట్టిన స్ఫాగ్నమ్ నాచు కూరి, పైనుంచి అప్పుడప్పుడు నీళ్ళు పోస్తూ ఉంటే పట్టుకుంటాయి.

పాపాయి విషయంలో జాగ్రత్త అవసరమే. ఇది చేమ, కందల కుటుంబం. కంద తరిగినప్పుడు చేతులు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు దీని ఆకుల్లోనూ కాడల్లోనూ ఉంటాయి. కందకు మనం చింతపండు వేసి ఉడికిస్తాము, పాప ఆకును పచ్చిగానే కొరుకుతుంది. కొరికితే నోరు, నాలుక మండి వాస్తాయి, చొంగ కారుతుంది. సాధారణంగా ప్రాణం మీదికి రాదు కానీ పిల్ల విలవిలలాడుతుంది. నోరు కడిగి, చల్లటి పాలో నీళ్ళో పట్టించి, వాపు పెరిగినా మింగడం కష్టమైనా వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి. మొక్కను కత్తిరించేటప్పుడు మీరు కూడా చేతులకు తొడుగులు వేసుకోండి. కొబ్బరినూనె మాత్రం మానేయండి. ఆకు గాలి పీల్చే కంటికి కనబడని సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, దుమ్ము జిడ్డుగా అతుక్కుంటుంది. తడిగుడ్డ చాలు.

నిజాంపేట వాసి:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మావారు, నేను కలిసి బాల్కనీలో ఆ పని పూర్తిచేశాము. సంచిని పైకి ఎత్తగానే పింగాణీ కుండీలో బెత్తెడు లోతు నల్లటి నీళ్ళు, మురుగు కాలవ వాసన. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మట్టిగడ్డ నానడానికి అరగంట కాదు, రెండు గంటలు పట్టింది. అడుగు సగం వేళ్ళు పులంక వారు రాసినట్టే తొక్క ఊడి చేతికి వచ్చాయి. పైన, కాండం మొదలు చుట్టూ మాత్రం చిటికెన వేలు లావున మంచి వేళ్ళు ఓ పదిహేను మిగిలాయి.

ఇప్పుడు కొత్త సందేహాలు. వెలుతురు చాలదంటున్నారు, కానీ ఆ మూలలో పగలు కూర్చుని లైటు వేయకుండా పేపరు చదువుకోగలను. అది చాలని వెలుతురు ఎలా అవుతుంది? బాల్కనీలోనే పెట్టేయవచ్చా? మాకు వారంలో మూడు రోజులు మంజీరా నల్లా నీళ్ళు, మిగతా రోజులు బోరు నీళ్ళు వస్తాయి, ఏవి పోయాలి? బియ్యం కడిగిన నీళ్ళు మంచివేనని అత్తగారి గట్టి నమ్మకం, ఆవిడకు నేను ఏమని చెప్పను?

మియాపూర్ మిద్దె:

మేడం గారూ, పేపరు చదవడం మీద నేను కూడా మూడేళ్ళు మోసపోయాను. మన కన్ను తక్కువ వెలుతురుకు తనను తాను సర్దుకుంటుంది, మొక్క అలా సర్దుకోలేదు. ఫోనులో వెలుతురును లక్స్‌లలో కొలిచే ఆప్ ఒకటి వేసుకుని మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇల్లంతా తిరిగి చూడండి. నడి ఎండ దాదాపు లక్ష లక్స్. మా ఇంట్లో కిటికీకి అడుగు దూరంలో నాలుగు వేలు చూపించింది, నాలుగు అడుగుల దగ్గర వెయ్యికి కొంచెం పైన, హాలు చివరి సోఫా దగ్గర తొంభై. తొంభై లక్స్‌లో పేపరు హాయిగా చదవవచ్చు, మాన్‌స్టెరా మాత్రం మెల్లగా కరిగిపోతుంది. ఆప్ లెక్క అంత కచ్చితం కాకపోయినా ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడా తెలుస్తుంది. ఆప్ వద్దనుకుంటే ఆకు పైన జానెడు ఎత్తులో అరచేయి చాపి చూడండి. నీడ అంచులు గుర్తుపట్టేంతగా కనబడితే ఆ చోటు పనికివస్తుంది, నీడే పడకపోతే పనికిరాదు.

మీ బాల్కనీ తలుపు పక్కన, లోపలి వైపు రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. ఉదయపు గంట ఎండ దానికి హాని చేయదు. కానీ ఇన్నాళ్ళు చీకటికి అలవాటు పడ్డ ఆకులు ఒక్కసారిగా తట్టుకోలేవు; రెండు రోజులకో రెండడుగులు చొప్పున వారం పది రోజుల్లో జరపండి. పడమటి కిటికీ అయితే వేసవిలో పల్చటి తెర తప్పనిసరి, లేకపోతే ఆకులు అప్పడాల్లా మాడతాయి. ఆ చోటు కుదరదంటే ముప్పై వాట్ల తెల్లటి ఎల్ఈడీ గ్రో లైటు (మొక్కల కోసం చేసిన దీపం) ఒకటి కొమ్మకు అడుగున్నర పైన వేలాడదీసి రోజుకు పది గంటలు వెలిగించండి. నెలకు తొమ్మిది యూనిట్లు ఖర్చవుతుంది. వెలుతురు పెరిగితే నీళ్ళు కూడా త్వరగా ఆరతాయి; అసలు నీళ్ళ లెక్కను నిర్ణయించేది వెలుతురే. టీవీ మూలలో ఉన్నప్పుడు చెంబెడు ఎక్కువైన మొక్కకు తలుపు దగ్గర అదే చెంబు ఒక్కోసారి చాలకపోవచ్చు. చీపురు పుల్ల మాట వినండి.

మంజీరా నీళ్ళు వచ్చినప్పుడు రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి. మా బోరు నీళ్ళలో టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది, 900 చూపిస్తుంది. ఆ నీళ్ళు పోసిన కుండీల్లో మట్టి మీద తెల్లటి ఉప్పు పొర కట్టింది, ఆకుల కొసలు మాడాయి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళలో లవణాలు ఇంకా ఎక్కువ, వాటిని పొదుపు పేరుతో మొక్కలకు పోయకండి. వాన నీళ్ళు అన్నింటికన్నా మేలు, ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా పనికివస్తాయి. రెండు నెలలకోసారి కుండీని స్నానాలగదిలో పెట్టి, కుండీ పట్టేటన్ని నీళ్ళకు మూడింతలు నిదానంగా పోసి లవణాలను కడిగేయండి. ఏసీ గాలి నేరుగా ఆకుల మీదికి తగలనీయవద్దు. ఆకుల మీద నీళ్ళు చిలకరించడం గురించి ఎవరైనా చెబుతారేమో. మన ఏప్రిల్ గాలికి ఆ తడి అయిదు నిమిషాలు కూడా నిలవదు, అది మన తృప్తికే.

బియ్యం కడిగిన నీళ్ళలో ఉండేది గంజి. పెరట్లో నేలకు పోస్తే వానపాములు, సూక్ష్మజీవులు చూసుకుంటాయి. ఇంట్లో తడి ఆరని కుండీలో అది పులిసి బూజు పడుతుంది, ఆ నల్ల ఈగలకు మేత అవుతుంది. అత్తగారిని నొప్పించకుండా బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ పెట్టి ఆ నీళ్ళను అటు మళ్ళించండి.

పులంక మొక్కలు:

వేళ్ళు పదిహేను మిగిలాయంటే మొక్క బతికినట్టే. నాదొక సలహా. పైన సాగిపోయిన మూడు ఆకుల భాగాన్ని ఇప్పుడే కోసేయండి. కణుపుకు రెండు అంగుళాల కింద, ఒక గాలివేరు కూడా ముక్కతో వచ్చేలా కోసి, కోసిన చోట ఒక పూట ఆరనిచ్చి నీళ్ళ సీసాలో పెడితే కొద్ది వారాల్లో వేళ్ళు దిగి రెండో మొక్క అవుతుంది. కింద మిగిలిన మొండెం కణుపుల దగ్గర చిగురిస్తుంది. సగం వేళ్ళు పోయిన మొక్క మీద అంత ఆకు బరువు ఉంచడం నాకు సబబుగా తోచడం లేదు. కణుపు లేకుండా ఆకు, కాడ మాత్రమే కోస్తే నీళ్ళలో ఏళ్ళ తరబడి పచ్చగా ఉంటుందేమో కానీ మొక్క మాత్రం కాదు.

గుంటూరు వృక్షశాస్త్రం:

కత్తిరించే పద్ధతి విషయంలో పులంక వారితో ఏకీభవిస్తాను, సమయం విషయంలో ఏకీభవించను. వేళ్ళను కోసిన వారంలోనే తలను కూడా కోస్తే మొక్కకు రెండు గాయాలవుతాయి. చీలికలు లేకపోయినా ఆ మూడు ఆకులే ఇప్పుడు దానికి ఆహారం తయారుచేస్తున్నాయి. కొత్త ఆకు ఒకటి వచ్చి, వేళ్ళు కుదురుకున్నాయని తెలిశాక కోయడం మేలు. ఎరువు కూడా అప్పుడే: నీళ్ళలో కరిగే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్న ఎరువు) లీటరుకు ఒక గ్రాము చొప్పున, పదిహేను రోజులకోసారి, మట్టి తడిగా ఉన్నప్పుడు మాత్రమే. చలికాలంలో అదీ ఆపేయవచ్చు.

పులంక మొక్కలు:

మాస్టారూ, మా షెడ్డుల్లో నేను రెండూ ఒకేసారి చేస్తాను, ఎక్కువ మొక్కలు నిలబడతాయి. కానీ అక్కడ వలల కింద వెలుతురు, తేమ ఉంటాయి. ఫ్లాటులో మీరన్నట్టు ఆగడమే క్షేమమేమో. ఒక్కటి మరిచాను మేడం గారూ: బలహీనపడ్డ మొక్కకు పురుగు త్వరగా పడుతుంది. ఆకు వెనక వెండి రంగు గీతలు, వాటిలో నల్లటి చుక్కలు ఉంటే తామర పురుగు; కాడ మొదట్లో దూదిలాంటిది కనబడితే పిండినల్లి. పిండినల్లిని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. తామర పురుగుకు లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి, ఎండ పోయాక ఆకుల వెనక తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు విడవకుండా చేయాలి.

షికాగో చలి:

ఇక్కడి తెలుగువారికి పనికివస్తుందని ఒక మాట కలుపుతున్నాను. మాకు నీళ్ళ బాధకన్నా జనవరి బాధ ఎక్కువ. పోయిన ఏడాది దుకాణం నుంచి కారు దాకా, అంటే గట్టిగా రెండు నిమిషాలు, మాన్‌స్టెరాను ఏ కప్పూ లేకుండా మోసుకొచ్చాను. బయట సున్నాకు పది డిగ్రీలు దిగువ. ఆ రాత్రికి ఆకులు ఉడికిన పాలకూరలా నల్లబడ్డాయి. పది డిగ్రీల సెల్సియస్ దిగువన ఈ మొక్కకు దెబ్బ తగులుతుంది కనుక చలికాలంలో కొనేవారు అట్టపెట్టెలోనో పెద్ద సంచిలోనో పూర్తిగా మూసి, కారును ముందే వెచ్చబెట్టుకుని తెచ్చుకోండి. ఇంట్లో హీటరు గాలి వచ్చే చోటికి, కిటికీ అద్దానికి ఆకు తగలకుండా చూడండి. దక్షిణపు కిటికీ ఒక్కటే నాకు డిసెంబరులో పనికివచ్చింది, ఉత్తరపు కిటికీ దగ్గర లైటు పెట్టక తప్పలేదు.

నిజాంపేట వాసి:

నవంబరు మొదటి వారం ఇది. అందరూ ఇంత శ్రద్ధగా రాశారు కనుక ఏమైందో చెప్పడం నా బాధ్యత. మాస్టారు చెప్పినట్టు తలను కోయకుండా ఆగాను. మొక్కను తొమ్మిది రోజుల్లో మెల్లగా బాల్కనీ తలుపు పక్కకు జరిపాము. ఆ తరవాత కూడా రెండు పాత ఆకులు పోయాయి, ఆరు వారాలపాటు ఎదుగూ లేదు, బొదుగూ లేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తొమ్మిది రోజులకోసారి, కొన్నిసార్లు పదకొండు రోజులకోసారి నీళ్ళు పోశాను. రోజూ పొద్దున్నే చెంబుతో దాని దగ్గరికి వెళ్ళి, పుల్ల గుచ్చి చూసి, తడిగా ఉంటే చెంబు పట్టుకుని వెనక్కి రావడం మొదట్లో చాలా కష్టమనిపించింది. ఈగలు నెలకే మాయమయ్యాయి.

అక్టోబరు మొదట్లో చివరి ఆకు కాడలోంచి లేతాకుపచ్చ చుట్ట ఒకటి బయటికి పొడుచుకు వచ్చింది. పదిహేడు రోజులు అలాగే బిగిసి ఉండి, ఒక రాత్రిలో సగం విప్పుకుంది. ఎడమ సగంలో మూడు చీలికలు, కుడి సగంలో రెండు, నడిమి ఈనె పక్కన పెసరగింజంత రంధ్రం ఒకటి ఉన్నాయి. ఆకు ఇంకా మెత్తగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది, నేనేమీ రాయలేదు. నాచు కర్రకు ఒక గాలివేరు అంటుకుంది, లాగితే రావడం లేదు.

కరివేపాకు కుండీ కూడా వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళన్నీ ఇప్పుడు దానికే. అత్తగారు నిన్న ఆ కుండీలోకి తొంగిచూసి, దీనికి అడుగున రంధ్రం ఉందా అని నన్ను అడిగారు.